శునకాల కంటి ఎరుపును ఉపేక్షించరాదు
తీరప్రాంత యజమానులు పాటించాల్సిన జాగ్రత్తలు

నెల్లూరు: జిల్లా తీరప్రాంతంలో రొయ్యల గుంటల కాపలా మొదలుకొని మత్స్యకార పాళేల్లో వలలు, పడవల రక్షణ వరకు శునకం ఇంటి మనిషితో సమానంగా పనిచేస్తోంది. రాత్రివేళ కాపలాకు దాని ముక్కు, చెవులతో పాటు కళ్లే ఆధారం. అయితే కన్ను ఎర్రబడి నీరు కారుతున్నప్పుడు 'ఇసుక పడి ఉంటుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది' అని వదిలివేయడం, లేదంటే ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన కంటి చుక్కలను వేయడం పలుచోట్ల పరిపాటిగా కనిపిస్తోంది. మొదటి అలవాటు వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. రెండోది ఒక్కోసారి చూపునే హరిస్తుంది. కంటి బాధను తొలి రోజే గుర్తించి, శుభ్రమైన నీటితో కడిగి, పరీక్ష చేయించిన తర్వాతే మందు వాడితే ఈ నష్టంలో అధిక భాగాన్ని నివారించవచ్చు.

కంటి నిర్మాణం

శునకం కంటికి పై రెప్ప, కింది రెప్పలతో పాటు ముక్కు వైపు మూలలో మూడో రెప్ప కూడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది దాదాపు కనిపించదు. కంటికి నొప్పి కలిగినప్పుడు గుడ్డు లోపలికి లాగుకోవడంతో ఈ రెప్ప తెరలా పైకి వస్తుంది. దీన్ని చూసి కంట్లో కండ పెరిగిందని భావించి గిల్లడం, గుడ్డతో లాగడం ప్రమాదకరం. కన్నీటిని తయారు చేసే గ్రంథుల్లో ఒకటి ఈ రెప్పలోనే ఉంది.

కంటి ముందుభాగంలో కార్నియా అనే పారదర్శక పొర ఉంటుంది. దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఇందులో రక్తనాళాలు ఉండవు. తేమనూ, ప్రాణవాయువునూ ప్రధానంగా కన్నీటి ద్వారానే పొందుతుంది. ఈ పొర గీరుకుపోతే పుండు ఏర్పడుతుంది. పైపొరకే పరిమితమైన పుండు సక్రమ చికిత్సతో సాధారణంగా వారం లోపు మానుతుంది. లోతుకు వెళితే మానిన తర్వాత కూడా తెల్లటి మచ్చ మిగులుతుంది. పల్లెల్లో 'కంట్లో పువ్వు వేసింది' అనేది దీన్నే. మరీ లోతైతే గుడ్డు చిల్లుపడి కన్ను పూర్తిగా పోయే అవకాశం ఉంది.

కారణాలు కాలాన్ని బట్టి

కావలి మండలం తుమ్మలపెంట నుంచి ముత్తుకూరు మండలం కృష్ణపట్నం వరకు తీరం వెంబడి కంటికి బాధ కలిగించే కారణాలు కాలాన్ని బట్టి మారుతుంటాయి.

జిల్లాలో రబీ వరి ప్రధాన పంట. కోతలు జరిగే మార్చి, ఏప్రిల్ మాసాల్లో కళ్లాల వద్ద తిరిగే శునకాల కళ్లలో పొట్టు, నూగు పడుతుంటాయి. సన్నని పొట్టు రెప్ప కింద, ముఖ్యంగా మూడో రెప్ప వెనుక ఇరుక్కుంటే రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను గీరుతుంది. కోత అనంతరం గడ్డి తగలబెట్టే పొలాల పొగ కూడా కళ్లను మండిస్తుంది.

మే చివర, జూన్ తొలి వారంలో రోహిణి కార్తె ఎండలు, వడగాలుల వేళ మైపాడు, రామతీర్థం, కోడూరు వంటి తీరగ్రామాల్లో ఇసుక గాలికి రేగుతుంది. లారీల రాకపోకలు అధికంగా ఉన్న రహదారుల పక్కన దుమ్ము ఇందుకు తోడవుతుంది. వాహనం కిటికీ నుంచి తల బయటపెట్టి ప్రయాణించే పెంపుడు శునకాలకు ఈ ముప్పు మరింత ఎక్కువ.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో బురద నీరు, ఈగల బెడద అధికం. చేపలు ఎండబెట్టే ప్రదేశాల్లో సంచరించే శునకాల కళ్ల చుట్టూ ఈగలు చేరి, ఉన్న కలకను మరింత పెంచుతాయి.

ఏడాది పొడవునా పొంచి ఉండే ప్రమాదాలు మరికొన్ని ఉన్నాయి. సీమతుమ్మ కంపల్లో జంతువులను తరిమే క్రమంలో ముళ్లు గుచ్చుకుంటాయి. జిల్లేడు, జెముడు మొక్కల పాలు కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది. రొయ్యల గుంటలను సిద్ధం చేసేటప్పుడు చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడరు కంటికి తీవ్ర హాని చేస్తాయి. పిల్లి గోరు, తోటి శునకం కాటు వల్ల కలిగే గాయాలు పైకి చిన్నవిగా కనిపించినా లోతుగా ఉంటాయి.

గుర్తించే విధానం

శునకం నొప్పిని నోటితో చెప్పలేదు. దాని ప్రవర్తనే సాక్ష్యం. పదేపదే కన్ను ఆర్పడం, సగం మూసి ఉంచడం, ముందుకాలితో ముఖం రుద్దుకోవడం, గోడకూ నేలకూ ముఖాన్ని రాసుకోవడం, వెలుతురుకు దూరంగా చీకటి మూలకు చేరడం తొలి లక్షణాలు. కొన్ని శునకాలు మేత తగ్గిస్తాయి. తల నిమరబోతే పక్కకు తప్పుకుంటాయి.

తర్వాత కంటిని పరిశీలించాలి. నీడపట్టున, మంచి వెలుతురులో శునకాన్ని కూర్చోబెట్టి, పక్క నుంచి నెమ్మదిగా కింది రెప్పను కిందకు దించాలి. లోపలి పొర లేత గులాబీ రంగులో ఉంటే సాధారణం. ముదురు ఎరుపుతో ఉబ్బి ఉంటే కలక ఉన్నట్లు. రెండు కళ్లనూ పోల్చి చూడటం అత్యంత సులువైన పద్ధతి. నల్లగుడ్డు రెండింటిలోనూ ఒకే మెరుపుతో ఉందా, కంటిపాపలు సమాన పరిమాణంలో ఉన్నాయా, ఒక గుడ్డు ఉబ్బినట్లు ఉందా అన్నవి గమనించాలి.

కారే స్రావం కూడా సమాచారాన్ని ఇస్తుంది. పలుచని నీరు కారితే దుమ్ము, పొగ, అలర్జీ, తొలి దశ గాయం కారణం కావచ్చు. పసుపు లేదా ఆకుపచ్చ రంగు పుసి చిక్కగా వస్తుంటే సూక్ష్మజీవులు చేరినట్లు భావించాలి. బంకలాంటి పుసి రోజూ పేరుకుంటూ, గుడ్డు మెరుపు తగ్గితే కన్నీరు ఎండిపోయే వ్యాధి ఉండవచ్చు. ఉదయం నిద్ర లేచాక కంటి మూలలో కనిపించే కొద్దిపాటి ఎండిన పుసి మాత్రం సహజమే.

ఒక కంటికే బాధ ఉంటే ముల్లు, పొట్టు, గాయం వంటి కారణాలను ముందుగా అనుమానించాలి. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడితే పొగ, దుమ్ము, అలర్జీతో పాటు శరీరంలోని ఇతర వ్యాధులనూ పరిగణనలోకి తీసుకోవాలి. చూపును పరీక్షించేందుకు చిన్న దూది ఉండను కంటి ముందు నుంచి జారవిడవవచ్చు. దూది పడేటప్పుడు శబ్దం రాదు కనుక శునకం దాన్ని చూపుతో అనుసరిస్తే చూపు ఉన్నట్లే.

ప్రథమ చికిత్స

కంటిని కడగడమే ప్రథమ చికిత్సలో ప్రధానాంశం. మందుల దుకాణాల్లో లభించే 0.9 శాతం నార్మల్ సెలైన్ ఇందుకు శ్రేష్ఠం. అది లేనిపక్షంలో అర లీటరు నీటిని మరిగించి, ఒక చిన్న చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి, పూర్తిగా చల్లారిన తర్వాత వాడవచ్చు. తీరగ్రామాల్లో బోరు నీరు పలుచోట్ల ఉప్పగా ఉంటుంది. దానిని, గుంట నీటిని, సముద్రపు నీటిని కంటికి వాడరాదు. తాగునీరే ఉపయోగించాలి.

చేతులు సబ్బుతో కడుక్కుని, శునకం మూతిని ఒకరు నెమ్మదిగా పట్టుకోగా మరొకరు కంటి ముక్కు వైపు మూల నుంచి బయటి మూలకు నీటిని సన్నని ధారగా వదలాలి. సూది తొలగించిన సిరంజి ఇందుకు అనుకూలం. నీటిని బలంగా చిమ్మరాదు. గట్టిపడిన పుసిని తడి గుడ్డతో నానబెట్టి తుడవాలి. రెండో కంటికి వేరే గుడ్డ వాడాలి. దూది పోగులు కంటికి అంటుకుంటాయి కనుక మెత్తటి నూలు గుడ్డ మేలు.

పొట్టు పైకి తేలుతూ కనిపిస్తే నీటి ధారకే కొట్టుకుపోతుంది. గుచ్చుకుని ఉన్న ముల్లును మాత్రం ఇంట్లో లాగరాదు. ముల్లు లోతుగా ఉంటే లాగిన వెంటనే కంటిలోని ద్రవం బయటకు వచ్చే ప్రమాదం ఉంది.

కడిగిన తర్వాత కొద్ది గంటల్లో కన్ను పూర్తిగా తెరిచి, నీరు కారడం తగ్గితే ఒక రోజు గమనించవచ్చు. శునకం కన్ను ఇంకా మూసే ఉంచితే, ఎరుపు తగ్గకపోతే ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. ఈలోగా కాలితో రుద్దుకోకుండా మెడ చుట్టూ గరాటు ఆకారంలో ప్లాస్టిక్ లేదా అట్ట పట్టీ కట్టాలి. గాయం కన్నా శునకం తనంతట తాను గీరుకోవడం వల్లే పలు సందర్భాల్లో ఎక్కువ నష్టం వాటిల్లుతుంది.

సున్నం పడితే నిమిషాలే కీలకం

సున్నం క్షార గుణం గలది. కంటి పొరల్లోకి వేగంగా చొచ్చుకుపోతుంది. పడిన క్షణం నుంచే కడగడం మొదలుపెట్టి కనీసం 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా కడగాలి. సెలైన్ కోసం మందుల దుకాణానికి పరుగెత్తి సమయం వృథా చేయరాదు. దగ్గరలో ఉన్న తాగునీటి క్యానుతోనే ప్రారంభించాలి. రెప్పల కింద మిగిలిన సున్నపు పలుకులు కూడా కరిగే కొద్దీ కాలుస్తూనే ఉంటాయి కనుక రెప్పలు పైకెత్తి కడగాలి. క్షారానికి విరుగుడుగా నిమ్మరసం, మజ్జిగ వంటివి పోయడం మరో గాయాన్ని చేర్చడమే అవుతుంది. బ్లీచింగ్ పౌడరు, జిల్లేడు పాలు, పురుగుమందు పడినప్పుడు కూడా ఇదే పద్ధతి అనుసరించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పురుగుమందు అయితే డబ్బాను కూడా వెంట తీసుకెళితే వైద్యుడికి ఉపకరిస్తుంది.

చేయకూడని పనులు

మనుషులకు ఇచ్చే కంటి చుక్కల్లో కొన్నింటిలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. ఇవి వేస్తే ఎరుపు త్వరగా తగ్గుతుంది. అందువల్లే మందు పనిచేసిందన్న భ్రమ కలుగుతుంది. కార్నియాపై పుండు ఉన్నట్లయితే స్టెరాయిడ్ దాని మానుదలను అడ్డుకుంటుంది. సూక్ష్మజీవులు విజృంభించి పొర కరిగిపోయే స్థితికి చేరుతుంది. పుండు లేదని పరీక్షలో తేలిన తర్వాత పశువైద్యుడే ఇవ్వాల్సిన మందు ఇది. సీసాపై యాంటీబయాటిక్ పేరుతో పాటు స్టెరాయిడ్ పేరు కూడా ఉండవచ్చు కనుక లేబులు పూర్తిగా చదవాలి.

ఆకుపసర్లు, ఉల్లి రసం, పొగాకు నీరు, పసుపు, ఆముదం, చనుబాలు కంట్లో వేయరాదు. పశువుల వైద్యంలో తరతరాలుగా వస్తున్న అలవాట్లే అయినా, ఇవి శుభ్రమైనవి కావు. ఉన్న గాయంలోకి సూక్ష్మజీవులను చేరవేస్తాయి. నొప్పి తగ్గుతుందని మనుషుల మాత్రలు మింగించడం కూడా ప్రమాదమే. ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు శునకాల కడుపులో పుండ్లు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

తక్షణం తీసుకెళ్లాల్సిన సందర్భాలు

కన్ను అసలు తెరవలేకపోవడం, నల్లగుడ్డు నీలంగానో తెల్లగానో మసకబారడం, గుడ్డుపై గుంట కనిపించడం, కంటి లోపల రక్తం చేరడం, పాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోవడం, గుడ్డు ఉబ్బడం, హఠాత్తుగా చూపు తగ్గి వస్తువులను ఢీకొనడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మరుసటి రోజు వరకు ఆగరాదు. కంటిలో ఒత్తిడి పెరిగే నీటికాసుల వ్యాధి ఒకటి రెండు రోజుల్లోనే శాశ్వత అంధత్వానికి దారితీయగలదు.

పట్టణాల్లో పెంచుతున్న పగ్, షిట్జు వంటి పొట్టి ముక్కు జాతులకు కంటి గూడు లోతు తక్కువ. కొట్లాటలోనో, మెడపట్టీని గట్టిగా లాగినప్పుడో గుడ్డు బయటకు జారవచ్చు. దానిని లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, తడి ఆరకుండా చూస్తూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఆసుపత్రిలో చేసే పరీక్షలు

కంటి ఎరుపునకు కారణాన్ని తేల్చే పరీక్షలు సులువైనవే. సన్నని కాగితపు పట్టీని కింది రెప్పలో ఉంచి ఒక నిమిషంలో కన్నీరు ఎంత దూరం పాకిందో కొలుస్తారు. 15 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే కన్నీరు తగినంతగా ఉన్నట్లు లెక్క. ఆ తర్వాత ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు వేసి కడుగుతారు. పుండు ఉన్న చోట మాత్రమే అది నిలిచి, నీలి కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది. స్టెరాయిడ్ వాడవచ్చా లేదా అన్నది నిర్ణయించేది ఈ పరీక్షే. పరికరం ఉన్నచోట కంటి ఒత్తిడిని కూడా కొలుస్తారు. మత్తు చుక్కలు వేసి మూడో రెప్ప వెనుక ఇరుక్కున్న పొట్టును తొలగిస్తారు.

సంచార పశువైద్య సేవల కోసం 1962 టోల్‌ఫ్రీ నంబరు అందుబాటులో ఉంది. సమీపంలోని పశువైద్యశాల వివరాలను ముందుగానే తెలుసుకుని ఉంచుకోవడం మంచిది. శస్త్రచికిత్స అవసరమైన కేసులను జిల్లా వాసులు తిరుపతిలో 1955లో ప్రారంభమైన పశువైద్య కళాశాలకు గానీ, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలకు గానీ తీసుకెళ్లవచ్చు. తిరుపతి కళాశాల 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది.

కన్ను చూపే ఇతర వ్యాధులు

టీకాలు వేయని కుక్కపిల్లలకు రెండు కళ్ల నుంచి పుసి, ముక్కు కారడం, జ్వరం, దగ్గు కలిసి వస్తే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధిని అనుమానించాలి. ఇది ఒక శునకం నుంచి మరొకదానికి వేగంగా వ్యాపిస్తుంది. అటువంటి పిల్లను వేరుగా ఉంచాలి. గోమార్లు అధికంగా పట్టిన శునకానికి జ్వరం, నీరసంతో పాటు కళ్లు ఎర్రబడటం, కంటిలో రక్తం చేరడం కనిపిస్తే గోమార్ల ద్వారా సోకే ఎర్లికియోసిస్ కావచ్చు. రక్త పరీక్షతో నిర్ధారించి మందులు ఇస్తారు. ఇటువంటి సందర్భాల్లో కంటికి ఎన్ని చుక్కలు వేసినా అసలు వ్యాధి తగ్గదు.

చుక్కలు వేసే తీరు, స్వీయ రక్షణ

వైద్యుడు సూచించిన చుక్కలను శునకం వెనుక వైపు నుంచి, తలను కొద్దిగా పైకెత్తి వేయాలి. ఎదురుగా చేయి తీసుకువస్తే అది బెదురుతుంది. సీసా మూతి కంటికి తగలరాదు. రెండు రకాల మందులు ఉంటే మధ్య అయిదు నిమిషాల విరామం ఇవ్వాలి. ఆయింట్‌మెంట్ చివర వేయాలి. కన్ను బాగున్నట్లు కనిపించినా వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడాలి. మూత తీసిన సీసాను నెల రోజుల తర్వాత పారవేయాలి.

నొప్పితో ఉన్న శునకం యజమానిని సైతం కరుస్తుంది. కాబట్టి గుడ్డ పట్టీతో మూతిని వదులుగా కట్టి పరీక్షించడం క్షేమం. శ్వాస ఇబ్బంది ఉన్నవాటికి, పొట్టి ముక్కు జాతులకు మూతి కట్టరాదు. వింతగా ప్రవర్తించే, చొంగ కార్చే, టీకా చరిత్ర తెలియని వీధి శునకం కంటిని ఎవరూ ముట్టుకోరాదు. కరిచినా, గోరుతో గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ అనుమానం ఉన్న శునకం లాలాజలం మనిషి కంట్లో, నోట్లో పడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన మూడో తరగతి ప్రమాదంగా పరిగణిస్తోంది.

నివారణ చర్యలు

గుంటల్లో సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లే రోజుల్లో కాపలా శునకాన్ని గాలికి ఎగువన, దూరంగా కట్టివేయాలి. చల్లిన బస్తాలను, డబ్బాలను దానికి అందే చోట వదలరాదు. గాలి దుమారం ఉన్న వేళల్లో నీడ, గోడ చాటు కల్పించాలి. కళ్లాల నుంచి తిరిగి వచ్చాక ముఖాన్ని తడి గుడ్డతో తుడవాలి. కళ్లలో పడుతున్న ముఖం వెంట్రుకలను మొద్దు మొనల కత్తెరతో కత్తిరించాలి. గోమార్ల నివారణ మందును క్రమం తప్పకుండా వాడాలి. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు ప్రారంభించి, 16 వారాల వరకు వైద్యుడు సూచించిన వ్యవధిలో కొనసాగించాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా తప్పనిసరి.

ప్రతి కాపలా గుడిసెలో రెండు సెలైన్ సీసాలు, సూది లేని సిరంజి, శుభ్రమైన గుడ్డ, పశువైద్యుడి ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. గడువు ముగిసిన సీసాలను మార్చుకుంటూ ఉండాలి. ఇంట్లో మిగిలిన పాత కంటి చుక్కలకు మాత్రం ఆ సంచిలో చోటివ్వరాదు.